సవరం పెట్టుకోవడం, సవరం చేసుకోవడం

మన ఇళ్ళల్లో సవరం అనే మాటతో పిల్లలకు ఎప్పుడూ చిక్కే. ఇంట్లో తెలుగులో సవరం అంటే జుట్టు పలచబడిన ఆడవాళ్ళు జడలో కలిపి అల్లుకునే ఒట్టి వెంట్రుకల పాయ. గడప దాటి వీధిలోకి పోతే తమిళంలో సవరం అంటే గడ్డం గీసుకోవడం, తల గొరిగించుకోవడం. "మా అవ్వ సవరం పెట్టుకుంటా ఉంది, ఉండండి" అని పక్కింటి తమిళావిడతో చెప్పి నవ్వులపాలైన పిల్లలు కోయంబత్తూరు తెలుగు ఇళ్ళల్లో తరానికి ఒక్కరైనా ఉంటారు. తలకు జుట్టు చేర్చే మాటా, తల నుంచి జుట్టు తీసేసే మాటా ఒక్కలాగే పలకడం విచిత్రంగానే ఉంటుంది కానీ, ఆ రెండూ ఒక వేరు నుంచి వచ్చినవి కావు. మన సవరం చామరం నుంచి వచ్చింది. దేవుడికీ రాజులకీ వీచే వింజామర ఉందే, చమరీమృగం తోకతో చేసేది, ఆ చామరమే. తమిళ సవరం క్షౌరానికి నోరు తిరగక వచ్చిన రూపం. తమిళంలో మన సవరాన్ని సవురి అంటారు. అదీ చమరి చుట్టమే.

ఈ కాలం పిల్లలు సవరం చూసి ఉండరు కాబట్టి అది ఎట్లా తయారయ్యేదో చెప్పాలి. తల దువ్వుకున్నప్పుడు దువ్వెనకు వచ్చే చిక్కువెంట్రుకల్ని మన ఆడవాళ్ళు పారేసేవాళ్ళు కాదు. వేలికి చుట్టి, ఉండ చేసి, గోడ సందులోనో దూలం మీదనో దాచేవాళ్ళు. ఊడిన వెంట్రుక కాళ్ళ కింద పడకూడదనే నమ్మకం ఒకటి, పొదుపు ఒకటి. అట్లా ఏళ్ళ తరబడి చేరిన వెంట్రుకల్ని చిక్కు తీసి, కడిగి, పొడుగుని బట్టి ఏర్చి, ఒక కొస దారంతో గట్టిగా బిగించి మూడు పాయలు చేస్తే సవరం. అంటే చాలామంది అవ్వలు పెట్టుకున్నది పరాయి జుట్టు కాదు, వాళ్ళ జుట్టే. పడుచుతనంలో ఊడిన జుట్టు ముసలితనంలో మళ్ళీ నెత్తికెక్కేది. అంత ఓపిక లేనివాళ్ళు వీధిలో తిరిగి అమ్మేవాళ్ళ దగ్గర కొనుక్కునేవాళ్ళు. వెంట్రుకలు ఇచ్చి సూదులో పిన్నీసులో తీసుకునే బేరం కూడా ఉండేది. ఆ తరువాత స్టీలు గిన్నెలు వచ్చాయి.

పెండ్లికూతురికి జుట్టు ఎంత ఉన్నా సవరం తప్పేది కాదు. రాకొడి, నాగరం, జడబిళ్ళలు, చివర కుచ్చులు, వీటన్నిటి బరువు మోయడానికి ఉన్న జుట్టు చాలదు. పూలజడ కుట్టేది కూడా సవరం ఊతం మీదే. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని సామెత ఉంది సరే, లేనమ్మకు కూడా కొప్పు పెట్టే ఉపాయం మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టి పెట్టుకున్నారు. అందులో సిగ్గు కూడా ఏమీ లేదు. సవరం గోడకు తగిలించే ఉండేది, వచ్చినవాళ్ళందరికీ కనిపించేట్టుగా.

మనవాళ్ళు ఈ దిక్కుకు వచ్చింది విజయనగర కాలంలో, ఆ తరువాత మధుర నాయకుల కాలంలో. విశ్వనాథ నాయకుడు మధురలో ఏలుబడి మొదలుపెట్టిన ఏడు 1529 అని లెక్క. కొంగునాడు కూడా ఆ ఏలుబడి కిందికి వచ్చింది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదకు తీసుకున్న కథ మధురకు దగ్గరున్న శ్రీవిల్లిపుత్తూరుది కదా. ఆ కథలో గోదాదేవి ముడిచి విడిచిన దండ సంగతి బయటపడింది దండలో దొరికిన ఒక్క వెంట్రుకతో అని ఇక్కడ చెప్పుకుంటారు. ఇప్పటికీ శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ కొప్పు పక్కకు వాలి ఉంటుంది. చూసి రండి.

నాయకుల మధురలో జుట్టు చిన్న సంగతి కాదని చెప్పడానికి ఇంకో కథ ఉంది. ఇది పురాణం కాదు, చరిత్రే. 1606లో రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ దేశపు జెస్యూట్ పాదిరి మధురకు వచ్చాడు. గొప్పింటి బిడ్డ. ఇక్కడివాళ్ళు తన మాట వినాలంటే తను ఇక్కడి సన్యాసిలాగా ఉండాలనుకున్నాడు. కాషాయం కట్టాడు, మాంసం మానేశాడు, తల గొరిగించుకున్నాడు. తమిళం, సంస్కృతంతో పాటు తెలుగూ నేర్చుకున్నాడు. దొరల దగ్గర పని జరగాలంటే తెలుగు కావాలి మరి. క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు పిలక ఉంచుకోవచ్చని, జంధ్యం వేసుకోవచ్చని, గంధం పెట్టుకోవచ్చని ఆయన వాదన. తోటి పాదిరులే ఒప్పుకోలేదు. తగవు గోవాకు పోయింది, అక్కడ తేలక రోముకు పోయింది. 1623 జనవరి 31న పోపు 15వ గ్రెగరీ పిలకకు అనుమతి ఇచ్చాడు. మధుర మనుషుల నెత్తిమీది నాలుగు వెంట్రుకల కోసం రోములో పంచాయితీ! ఫ్రాన్సు రాజు 13వ లూయీ జుట్టు ఊడిపోయి విగ్గు పెట్టుకోవడం మొదలుపెట్టింది కూడా దాదాపు ఆ ఏళ్ళల్లోనే. ఆ తరువాత యూరపు కొలువులన్నీ విగ్గులతో నిండిపోయాయి. ఒక దేశంలో మర్యాద కోసం జుట్టు పెట్టుకున్నారు, ఇంకో దేశంలో మర్యాద కోసం తీయించుకున్నారు.

ఇక గుండు సంగతికి వస్తే, కొంగునాట మన ఇళ్ళల్లో గుండు అంటే ముందు పళనే. కులదైవం ఎవరైనా కానీ, పుట్టెంటుకలు పళనిలో తీయించే ఇళ్ళు ఎన్నో. ఆడపిల్లయినా మగపిల్లవాడయినా మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయిస్తారు, చెవులు కుట్టిస్తారు, కోడిగుడ్డులాంటి ఆ బుర్రకు చల్లగా గంధం పూస్తారు. కొండ మీదున్న దండాయుధపాణినే అన్నీ వదిలేసిన ఆండిగా మొక్కుతారు కాబట్టి అక్కడ గుండుకు ఉన్న గౌరవం ఇంకెక్కడా లేదు. కొండ దిగి వస్తుంటే ఎదురొచ్చేవాళ్ళలో సగం తలలు పచ్చగా గంధంతో మెరుస్తా ఉంటాయి. అందులో ఆడవాళ్ళూ ఉంటారు. ఎవరూ తిరిగి చూడరు.

పళని యాత్రకు మనవాడొకరు చేసిన ఉపకారం ఇక్కడ చెప్పకుండా ఉండలేము. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒక్క బస్సు కొని, తనే నడుపుతా, పొల్లాచ్చికీ పళనికీ మధ్య తిప్పాడు. ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీసు అట్లా మొదలయ్యింది. అదే నాయుడు తరువాతి కాలంలో యంత్రాల మీద పడి, బ్యాటరీతో నడిచే రసంత్ అనే ఎలక్ట్రిక్ రేజరునూ, అతిపలచని షేవింగు బ్లేడునూ తయారుచేశాడు. బోడిగుండుకీ మోకాలికీ ముడి వేస్తున్నామని అనుకోకండి. గుండు చేయించుకునేవాళ్ళను కొండకు చేర్చే బస్సూ, గుండు నున్నగా గీసే రేజరూ ఒకే మనిషి చేతిమీదుగా రావడం మాకైతే బాగా నచ్చింది. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన ప్రదర్శనశాల ఉంది.

ఇంత గౌరవం ఉన్న గుండే ఆడదాని నెత్తిన పళని గంధం లేకుండా కనిపిస్తే ఇంకో అర్థం తెచ్చుకుంటుంది. మొగుడు పోయినావిడకు తల గొరిగించే ఆచారం ముఖ్యంగా బ్రాహ్మణ ఇళ్ళది. మన వ్యవసాయం ఇళ్ళల్లో లేదు. నాయకుల ఇళ్ళల్లోనే చూడండి, రాణి మంగమ్మ భర్త చొక్కనాథ నాయకుడు పోయాక కూడా బతికి ఉండి, కొడుకూ పోయాక పసివాడైన మనవడి తరఫున 1689 నుంచి మధురను ఏలింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదిరించింది ఏ ఆచారాలనో అందరికీ తెలుసు. ఆ ఆచారం మన ఇళ్ళది కాకపోయినా దాని భయం మాత్రం మన ఇళ్ళల్లోకి వచ్చి కూర్చుంది. తెలుగులో బోడిది అన్నా, తమిళంలో మొట్టచ్చి అన్నా తిట్టే. మగవాడికి గుండు అంటే గుండే, పాతకాలంలో పిలక తీసి క్రాపు పెట్టించుకున్నందుకు పెద్దవాళ్ళ చేత చీవాట్లు తిన్నాడేమో, అంతే. ఆడదానికి గుండు ఉంటే పళనికి పోయొచ్చిందా, మొగుడు పోయాడా అని చూసేవాళ్ళు రెండే లెక్కలు వేస్తారు.

మా ఇంట్లో ఒక పిన్ని విషయంలో ఈ రెండు లెక్కలూ తప్పిపోయాయి. అందుకే ఇదంతా రాస్తున్నాము. ఆమెకు ముప్ఫై దాటినాక పేనుకొరుకుడు వచ్చింది. పేరులో పేను ఉంది కానీ పేనుకూ దానికీ సంబంధం లేదు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన కణాలే దారితప్పి వెంట్రుకల కుదుళ్ళ మీద పడతాయి. అంటుకునేది కాదు. మొదట రూపాయి బిళ్ళంత నున్నని మచ్చ, తరువాత ఇంకొకటి. ఉల్లిపాయ రసం రుద్దారు, డాక్టర్లు సూదులు వేశారు. కొందరికి జుట్టు తిరిగి వస్తుంది. ఆమెకు రాలేదు. కొన్నాళ్ళు మిగిలిన జుట్టులో అవ్వగారి సవరం కలిపి కప్పుకుంది. సవరానికి ముడి వేయడానికైనా సొంత జుట్టు పిడికెడు ఉండాలి. అదీ పోయాక విగ్గు.

విగ్గు పదకొండేళ్ళు పెట్టుకుంది. మధుర ఎండలో, మే నెలలో, వంటింట్లో పొయ్యి దగ్గర నెత్తిన విగ్గుతో నిలబడడం ఏమిటో పెట్టుకున్నవాళ్ళకే తెలుసు. కింద చెమట, దురద. ఎవరైనా తలుపు కొడితే ముందు విగ్గు కోసం పరుగు. బస్సులో కిటికీ పక్కన కూర్చోదు. చంటిపిల్లల్ని ఎత్తుకోదు, లాగుతారని. చివరికి ఒకరోజు అక్కడక్కడ మిగిలిన నాలుగు పోచలూ గీయించేసి విగ్గు తీసేసింది. కూతురి పెండ్లి ఇంకా మూడు నెలలుంది.

ఇంట్లో గొడవ అయింది. పెండ్లికూతురి తల్లి, ముత్తైదువ, బోడితలతో పీటల దగ్గర నిలబడితే వియ్యాలవారు ఏమనుకుంటారు అని. అవ్వ ఒక దారి చెప్పింది. "పళనికి పోయి గంధం పూసుకోని వచ్చెయ్యి. మొక్కు అంటే ఎవురూ అడగరు." మంచి ఉపాయమే. పిన్ని ఒప్పుకోలేదు. "మొక్కుకోలేదు కదమ్మా. ఇయ్యడానికి నా దగ్గర ఏముండాది?" అన్నది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. మొక్కు అంటే ఉన్నదాన్ని ఇవ్వడం. పోయినదాన్ని ఇచ్చానని దేవుడి పేరు చెప్పుకోవడం ఆమెకు నచ్చలేదు. వియ్యాలవారికి ముందే ఫోను చేసి ఉన్న సంగతి చెప్పింది. పెండ్లిలో ఒకావిడ బొట్టు పెట్టించుకోవడానికి కొంచెం వెనకాడింది. అవ్వ చూసి, తనే ముందుకొచ్చి, కూతురి చేత మొదటి బొట్టు పెట్టించుకుంది. అవ్వకు భర్త లేడు. ఆ రోజుదాకా పెండ్లిపందిట్లో ఆమె ముందు వరసలో నిలబడి బొట్టు పెట్టించుకోవడం మేము చూడలేదు. ఆ సంగతి గురించి తరువాత ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

గుండుకు అలవాటు పడడం కూడా ఒక పనేనని ఆమె చెప్తుంది. ఎండ సూటిగా తగులుతుంది కాబట్టి బయటికి పోతే పలచటి నూలుగుడ్డ కావాలి. మార్గళి నెల తెల్లవారుజామున తలకు చలి వేస్తుందని అప్పటిదాకా తెలియదట. దిండు గుడ్డ గరుకుగా ఉంటే నిద్ర రాదు. తలంటుకు కుంకుడుకాయలు అక్కరలేదు, నూనె మాత్రం మానలేదు.

ఆ విగ్గు మనిషి జుట్టుతో చేసింది. ఎవరి జుట్టో తెలియదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చే తలనీలాలను దేవస్థానం పొడుగుని బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. అక్కడి నుంచి ఆ జుట్టు ప్రపంచమంతా పోతుంది. 2004లో జెరూసలేములో ఒక పెద్ద రబ్బీ, ఇది వేరే దేవుడికి అర్పించిన జుట్టు కాబట్టి మన ఆడవాళ్ళు పెట్టుకోకూడదని తీర్పు చెబితే, న్యూయార్కు బ్రూక్లిన్‌లో యూదు స్త్రీలు విగ్గులు వీధిలో పోసి కాల్చేశారు. తిరుమలలో మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చే మన ఆడవాళ్ళకూ, పూముడి ఇచ్చే తమిళ ఆడవాళ్ళకూ తమ జుట్టు అంత దూరం పోయి అంత గొడవ చేసిందని తెలియనే తెలియదు.

తలనీలాలు అనే మాటకు చెప్పే కథ కూడా ఇదే సంగతి. పుట్టలో ఉన్న స్వామికి పశువులకాపరి గొడ్డలి దెబ్బ తగిలి తలమీద కొంత చోట జుట్టు పోయింది. నీలాదేవి చూసి, తన జుట్టు కోసి ఆ చోట అతికించింది. నా కొండకు వచ్చినవాళ్ళు ఇచ్చే జుట్టంతా నీదే అని స్వామి మాట ఇచ్చాడు. పిన్ని ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వుతుంది. "ఆయన కూడా ఇంకొకరి జుట్టు పెట్టుకున్నోడే. ఆయన్ని ఎవురూ తియ్యమనలేదు, పెట్టుకోమనలేదు" అంటుంది.

అవ్వగారి సవరం, పిన్ని విగ్గు ఇప్పుడు మా పాత టేకు పెట్టెలో పక్కపక్కనే ఉన్నాయి. సవరం పొడుగు మూరన్నర, కట్టిన దారం నల్ల నూలు, చివర మూడు ఎర్ర కుచ్చులు. మీ ఇళ్ళల్లో పాత సవరాలు, రాకొడి, నాగరం లాంటివి ఉంటే ఫోటో తీసి పంపండి. ఎవరు చేశారో, ఏ ఊళ్ళో కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగలిగితే అదీ రాయండి. తిరుమంగళం వైపు, ఉడుమలపేట వైపు ఇళ్ళ నుంచి మాకు ఇంతవరకూ ఒక్కటీ రాలేదు.