మందు మానేసిన మూడో రోజు జాగ్రత్త.. అది గాలి సోకడం కాదు, డెలీరియం కావొచ్చు!

కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన మనిషి రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు రాత్రి సెలైన్ సూది పీకేశాడు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. భార్యను పట్టుకుని 'ఎవరు నువ్వు' అంటాడు. ఇంట్లోవాళ్లేమో గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దాం అంటారు. డాక్టర్ మాత్రం ఒకటే అడుగుతారు.. 'రోజూ తాగుతాడా? చివరిసారి ఎప్పుడు తాగాడు?'

చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఏ ఊళ్లోనైనా ఎదురయ్యే పరిస్థితే ఇది. అసలు ఎందుకిలా జరుగుతుందో ఇప్పుడు తెలుసుకుందాం.

ఎందుకిలా?

మద్యం మెదడు పనిని నెమ్మది చేస్తుంది. రోజూ తాగేవాళ్ల మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగిపోతే ఆ వేగానికి అడ్డు ఉండదు. ఆసుపత్రిలో చేరినా, మాల వేసుకుని మానేసినా, చేతిలో డబ్బుల్లేక ఆగిపోయినా జరిగేది ఇదే. 2020 లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూతపడ్డాక హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి బాధితులు క్యూ కట్టిన సంగతి తెలిసిందే.

ఏ టైమ్‌లో ఏ లక్షణం?

* 6 నుంచి 24 గంటలు: చేతుల వణుకు, చెమటలు, వాంతులు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం.
* 12 నుంచి 24 గంటలు: కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. అయినా తానెక్కడున్నాడో తెలుస్తూనే ఉంటుంది.
* 6 నుంచి 48 గంటలు: ఫిట్స్ రావొచ్చు.
* 48 నుంచి 96 గంటలు: డెలీరియం ట్రెమెన్స్. టైమ్, చోటు, మనుషులు తెలియరు. జ్వరం, విపరీతమైన చెమట, బీపీ పెరగడం ఉంటాయి. చికిత్స అందకపోతే ప్రాణాలే పోవచ్చు.

ఎలా గుర్తుపట్టాలి?

డెలీరియం గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో మొదలవుతుంది. పగలు కాస్త తేరుకున్నట్టుంటారు, రాత్రికి ముదురుతుంది. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి.. శని, శుక్ర, గురు అంటూ మామూలుగా చెప్పగలిగే మనిషి మధ్యలోనే తడబడితే అనుమానించాల్సిందే. అందరూ అరవరు కూడా. కొందరు మగతగా, ఉలుకూ పలుకూ లేకుండా పడుంటారు.

అలాగని ప్రతి డెలీరియానికీ మందే కారణం కాదు. షుగర్ పడిపోయినా, సోడియం తగ్గినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, తలలో రక్తం గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది. తాగి పడిపోయినవాళ్లకు తల దెబ్బ ఉందేమో చూడటం తప్పనిసరి.

ఏం చేయాలి?

108కి ఫోన్ చేయండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి గానీ, కడప రిమ్స్‌కు గానీ తీసుకెళ్లండి. లైటు వేసి ఉంచండి, తెలిసిన మనిషి ఒకరు పక్కనే ఉండి నెమ్మదిగా మాట్లాడండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. 'ఓ పెగ్గు పోస్తే సర్దుకుంటుందిలే' అనుకోవద్దు. సొంతంగా నిద్రమాత్రలూ ఇవ్వొద్దు.

ఆసుపత్రిలో లొరాజెపామ్, డయాజెపామ్ లాంటి మందులతో మెదడు వేగాన్ని అదుపు చేస్తారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అది ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే తాగుడు సంగతి డాక్టర్‌కు ముందే తెలియాలి.

చాలా ఇళ్లలో పరువు పోతుందని ఆ మాట దాచేస్తారు. ఆపరేషన్ కోసం చేర్చినా సరే, రోజుకు ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు అన్నది మొదటి రోజే చెప్పేయండి. అలా చెబితే మూడో రోజు గండం రాకుండానే చూసుకోవచ్చు.

మందు మానాలనుకునేవాళ్లు 14446కు, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.