గుర్తింపు పరేడ్

గుర్తింపు పరేడ్ అనేది నేర సమయంలో చూసిన అపరిచితుణ్ణి సాక్షి మళ్ళీ గుర్తుపట్టగలడో లేదో తేల్చడానికి, అనుమానితుణ్ణి అతని పోలికలున్న ఇతరుల మధ్య నిలబెట్టి దర్యాప్తు దశలో జరిపే పరీక్ష. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 9వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 7వ సెక్షన్ దీనికి ఆధారం. పోలీసులను దూరంగా ఉంచి మేజిస్ట్రేటు, సాధారణంగా జైలులో, దీన్ని నిర్వహిస్తారు. ఆంధ్రప్రదేశ్ క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ ప్రకారం వరుసలోని వారు వీలైనంత వరకు వయసులో, ఎత్తులో, రూపురేఖల్లో అనుమానితుణ్ణి పోలి ఉండాలి. అతని ఒంటిమీద కొట్టొచ్చినట్టు కనిపించే దుస్తు ఉంటే తీయించాలి, లేదా ఇతరులకూ అలాంటిదే తొడిగించాలి. తాను నిలబడే చోటును అతనే ఎంచుకోవచ్చు. అయితే అతని ఫోటో ముందే పత్రికల్లో వచ్చినా, స్టేషన్‌లో సాక్షి కంటపడినా ఈ జాగ్రత్తలన్నీ దాదాపు వ్యర్థమే. అసలు సాక్ష్యం విచారణలో కోర్టు ఎదుట గుర్తించడమేననీ, పరేడ్ జరపనంత మాత్రాన ఆ గుర్తింపు చెల్లకుండా పోదనీ సుప్రీంకోర్టు 2003లో స్పష్టం చేసింది.