ఆఖరి 19 సెకన్లకు ముందు

అమెరికా వచ్చిన కొత్తలో నాకు వాళ్ల ఫుట్‌బాల్ బుర్రకెక్కేది కాదు. ఐదు సెకన్లు ఆడి, అర నిమిషం నిలబడి మాట్లాడుకునేది కూడా ఒక ఆటేనా అనిపించేది. మొదటి ఉద్యోగంలో నా పక్క సీట్లో టెక్సస్ ఆయన ఒకడుండేవాడు. "ఒక్క ఆట పూర్తిగా చూడు, తర్వాత తిడుదువుగాని" అని 2006 రోజ్ బౌల్ వీడియో పెట్టాడు. అప్పటికే ఆ ఆట జరిగి చాలా ఏళ్లయింది. తర్వాత దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఒక్కో ఎత్తునీ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ నడిపి చూశాను. ఆట మీద మోజు కొంత. ఒక ఘటన చరిత్రగా ఎలా మారుతుందో, మారేటప్పుడు ఏమేం రాలిపోతాయో కళ్లముందు కనిపించడం మిగతా కారణం.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్లీ నాలుగు దొరుకుతాయి. పోలేకపోతే ఉన్నచోటే బంతి అవతలివాళ్లకి వెళ్లిపోతుంది. అందుకే నాలుగో ప్రయత్నం వచ్చేసరికి మామూలుగా రిస్క్ తీసుకోకుండా బంతిని దూరంగా తన్నేస్తారు.

2006 జనవరి 4, కాలిఫోర్నియాలోని పాసడీనా. కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ టైటిల్ పోటీ. ఒకవైపు వరసగా 34 ఆటలు గెలిచిన సదరన్ కాలిఫోర్నియా, అందరూ పిలిచే పేరు యూఎస్‌సీ. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నవాళ్లు ఆ జట్టులో ఇద్దరున్నారు. 2004లో మాట్ లైనర్ట్, 2005లో రెజ్జీ బుష్. రెండోవైపు టెక్సస్. 2005 హైస్మన్ ఓట్లలో బుష్ తర్వాతి స్థానంలో నిలిచిన విన్స్ యంగ్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్. 1970 తర్వాత టెక్సస్‌కి జాతీయ టైటిల్ లేదు.

అందరికీ గుర్తున్న కథ ఇది. ఆరున్నర నిమిషాలు మిగిలుండగా టెక్సస్ 12 పాయింట్లు వెనకబడి ఉంది. యంగ్ పరుగెత్తి ఒక టచ్‌డౌన్ చేశాడు. చివర్లో, 19 సెకన్లు మిగిలుండగా, నాలుగో ప్రయత్నంలో 5 గజాలు కావాల్సిన చోట, కుడి మూలకి పరుగెత్తి ఇంకోటి చేశాడు. టెక్సస్ 41, యూఎస్‌సీ 38. యంగ్ పాసులతో 267 గజాలు, పరుగుతో 200 గజాలు సాధించాడు. కథలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ కథ ఇంతే అనుకుంటే నాకు ఒప్పదు.

మొదట ఆ 200 గజాల సంగతి చూద్దాం. అందులో చాలా భాగం వెనక జోన్ రీడ్ అనే ఎత్తు ఉంది. మామూలుగా ఎదుటి జట్టులో ప్రతివాణ్ణీ ఎవరో ఒకరు అడ్డుకోవాలి. జోన్ రీడ్‌లో, అంచున ఉన్న డిఫెండర్ ఒకణ్ణి కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కనున్న రన్నర్ పొట్ట దగ్గర పెడతాడు, కానీ చూపు మాత్రం ఆ వదిలేసినవాడి మీదే ఉంటుంది. వాడు రన్నర్ వెంట లోపలికి దూకితే, బంతి లాగేసుకుని వాడు ఖాళీ చేసిన చోటికి తానే పరుగెడతాడు. వాడు కదలకుండా నిలబడితే, బంతి రన్నర్‌కి వదిలేస్తాడు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఒక పక్కకి చెయ్యి చాపి, ఎవడు ముందుకొస్తే వాడి వెనక ఖాళీలోకి కాలు పెట్టడం చూశాం కదా, ఆ తెలివే ఇది. నా భాషలో చెప్పాలంటే ఒక్క ఇఫ్ కండిషన్. కాకపోతే దాన్ని అర సెకనులో, మీదికి దూకబోయే మనిషిని చూస్తూ తేల్చాలి.

ఈ ఎత్తు 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో, రిచ్ రోడ్రిగెజ్ కోచ్‌గా ఉన్నప్పుడు పుట్టిందంటారు. ప్రాక్టీసులో బంతి చేతులు మారడం తప్పిపోతే, క్వార్టర్‌బ్యాక్ దాన్ని పట్టుకుని వేరే దిక్కుకి పరుగెత్తాడట. అటెందుకు వెళ్లావని కోచ్ అడిగితే, అంచున ఉన్నవాడు లోపలికి వెళ్లిపోయాడు కాబట్టి అన్నాడట. ఒక పొరపాటు దశాబ్దం తిరక్కముందే దేశమంతా పాకింది. యంగ్ దాన్ని కనిపెట్టలేదు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, ఆ పొడుగు అంగలతో దానికొక కొత్త రూపం ఇచ్చాడు. వీడియోలో చూడండి, అతను వేగంగా పరుగెడుతున్నట్టే ఉండడు. వెంటపడినవాళ్లు మాత్రం అందుకోలేరు. వాళ్లు లెక్కేసుకున్న కోణం తప్పుతుంది.

ఇక ఎవరూ చెప్పుకోని పేరు డేవిడ్ థామస్. ఆ రోజు యంగ్ విసిరిన 40 పాసుల్లో 30 అందాయి. అందులో 10 పట్టింది ఈ థామస్ ఒక్కడే. 2001 ఈడెన్ గార్డెన్స్ టెస్టు అనగానే మనకి లక్ష్మణ్ 281 గుర్తొస్తుంది. మన హైదరాబాదువాడు కాబట్టి ఇంకాస్త గట్టిగా గుర్తొస్తుంది. అటువైపు నిలబడి ద్రవిడ్ 180 కొట్టకపోతే ఆ 281 ఏమయ్యేదో ఎవరూ ఆలోచించరు. జ్ఞాపకం ఒక్కడికే కుర్చీ వేస్తుంది.

అసలు వాదన నాలుగో క్వార్టర్ చివర్లో ఉంది. యూఎస్‌సీ 38–33తో ముందుంది. ఇంకా రెండు నిమిషాల పైచిలుకు మిగిలింది. బంతి టెక్సస్ 45 గజాల గీత మీద ఉంది. నాలుగో ప్రయత్నం, కావాల్సింది 2 గజాలు. కోచ్ పీట్ కారల్ బంతిని తన్నించలేదు. బరువైన రన్నర్ లెన్‌డేల్ వైట్ చేతికిచ్చి మధ్యలోంచి పంపించాడు. వైట్‌ని గీతకి కాస్త ఇవతలే పడేశారు. ఆ సమయంలో రెజ్జీ బుష్ మైదానం బయట నిలబడి ఉన్నాడు. బుష్‌ని ఎందుకు బయట పెట్టావని ఆ రాత్రి నుంచి కారల్‌ని అడుగుతూనే ఉన్నారు.

నేను కూడా మొదట అదే అన్నాను. తర్వాత మొత్తం ఆట మళ్లీ చూశాను. వైట్ ఆ రోజు 124 గజాలు పరుగెత్తి మూడు టచ్‌డౌన్లు చేశాడు. మూడో క్వార్టర్లో నాలుగో ప్రయత్నంలో ఒక గజం కావాల్సి ఉంటే 12 గజాలు దూసుకెళ్లి టచ్‌డౌన్ చేసింది అతనే. ఇక తన్నడం సంగతి. బంతి తన్నితే అది యంగ్ చేతికి వెళ్తుంది, ఆ సాయంత్రం అతణ్ణి ఆపినవాడు లేడు. 2 గజాలు వస్తే ఆట దాదాపు ముగిసినట్టే. తీసుకున్న నిర్ణయం సబబైనదే, ఫలితమే ఎదురు తిరిగింది. ఈ రెండూ వేరు వేరు.

తప్పులు వెతకాలంటే ఇంకా చాలా ఉన్నాయి. మొదటి క్వార్టర్లో యూఎస్‌సీ నాలుగో ప్రయత్నంలో ఒక గజం కూడా సాధించలేకపోయింది. రెండో క్వార్టర్లో బుష్ పాస్ అందుకుని చాలా దూరం వెళ్లాక, అవసరం లేకపోయినా బంతిని పక్కవాడి వైపు విసిరాడు, అది టెక్సస్‌కి దొరికింది. అదే క్వార్టర్లో యంగ్ మోకాలు నేలకి తగిలాక బంతిని సెల్విన్ యంగ్‌కి అందించాడు. రూలు ప్రకారం ఎత్తు అక్కడితో ముగియాలి. అధికారులు చూడలేదు, టచ్‌డౌన్ ఇచ్చేశారు. ఆఖరి డ్రైవ్‌లో టెక్సస్‌కి 12 గజాలు కావాల్సిన చోట పాస్ 7 గజాలే ఇచ్చింది. యూఎస్‌సీ డిఫెండర్ హెల్మెట్ ముసుగు పట్టుకు లాగినందుకు పడ్డ పెనాల్టీ టెక్సస్‌ని కాపాడింది. అది లేకపోతే ఆ 19 సెకన్ల పరుగే లేదు.

మోకాలి టచ్‌డౌన్ 6 పాయింట్లు, తేడా 3 పాయింట్లు, కాబట్టి యూఎస్‌సీయే గెలిచినట్టు అనేవాళ్లున్నారు. చరిత్రలో తీసివేతలు అలా కుదరవు. ఆ టచ్‌డౌన్ ఇవ్వకపోయినా బంతి టెక్సస్ దగ్గరే, గీతకి దగ్గర్లోనే ఉండేది. ఆ తర్వాత ప్రతి ఎత్తూ మారిపోయేది. ఒక ఇటుక లాగి, మిగతా గోడ అలాగే ఉంటుందనుకోలేం.

ఇదంతా నాకెందుకు పట్టింది? నేను పనిచేసిన ఒకచోట ఒక రాత్రి సిస్టమ్ కూలిపోయింది. మర్నాడు మీటింగులో, ఆఖరిసారి కోడ్ మార్చింది ఎవరని చూశారు. ఓ కుర్రాడు. అందరం తలూపాం, నేను కూడా. రెండు వారాల తర్వాత లాగ్స్ తీరిగ్గా చదివితే, ఆ లోపం నెలల కిందటిదని తేలింది. అప్పుడు ఆ కోడ్ చదివి బాగుందని సంతకం పెట్టింది నేనే. ఆ సంగతి మేనేజరుకి చెప్పాను. కానీ అప్పటికే ఆ కుర్రాడు వేరే టీముకి వెళ్లిపోయాడు. అతనికి స్వయంగా చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది. ఆఖరున బంతి ఎవరి చేతిలో ఉందో వాడే కారణం అనుకోవడం ఎంత సులువో, అందులో మనకెంత సుఖముందో అప్పుడు తెలిసింది. లెన్‌డేల్ వైట్ పడిపోయే ఆ దృశ్యం దగ్గర ఇప్పుడు కూడా ఆపి చూస్తుంటాను.

రికార్డుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. బుష్ కాలేజీలో ఉండగా నిబంధనలకి విరుద్ధంగా ప్రయోజనాలు పొందాడని తేల్చి, 2010లో యూఎస్‌సీ ఆ సీజన్లో గెలిచిన 12 ఆటల్నీ రికార్డుల్లోంచి కొట్టేశారు. బుష్ హైస్మన్‌ని వెనక్కిచ్చేశాడు. కాలేజీ ఆటగాళ్లు డబ్బు సంపాదించుకోవడానికి అనుమతి వచ్చాక, 2024లో ఆ ట్రోఫీని మళ్లీ అతనికే ఇచ్చారు. కాగితం మీద గతం రెండుసార్లు మారింది. వీడియోలో మాత్రం ఏమీ మారలేదు. నాలుగో ప్రయత్నం, 2 గజాలు. వైట్ బంతి అందుకుంటాడు, బుష్ బయట నిలబడి చూస్తుంటాడు. ఆట ఇంకా ఎవరిదీ కాదు.