బొమ్మ గీచే చేయి, నేర్చే మనస్సు

మన పాఠశాలలలో చిత్రలేఖనము చాలకాలము నకలుగానే నడచినది. లండనులోని సౌత్ కెన్సింగ్టన్‌లో రూపొందిన పద్ధతి ఆంగ్లేయుల పాలనలో మన దేశానికి వచ్చినది. ముందుంచిన గీతలను, ఘనాకృతులను, అచ్చు నమూనాలను తప్పు లేకుండా దింపుటయే విద్యార్థి పని. అందువల్ల చేతికి కొంత నేర్పు అబ్బినది. మనస్సుకు మాత్రము పని లేకపోయినది.

ఈ ధోరణిని తొలుదొలుత కాదన్నవారిలో వియన్నా నగరపు ఫ్రాంజ్ చిజెక్ ఒకరు. 1897లో ఆయన బాలల చిత్రకళా తరగతి నెలకొల్పి, పిల్లలను తమ ఊహ ననుసరించి గీయనిచ్చినారు. పెద్దలు పిచ్చిగీతలని త్రోసివేసిన వానిలో బాలల సొంత భాష ఉన్నదని లోకానికి చూపినారు.

మన దేశములో ఈ భావానికి నెలవైనది శాంతినికేతనము. రవీంద్రనాథ ఠాగూరు అక్కడ 1901లో పాఠశాల స్థాపించినారు. 1919లో ఏర్పడిన కళాభవనము నందలాల్ బోసు పోషణలో వర్ధిల్లినది. అక్కడ విద్య నభ్యసించిన దేవీప్రసాద్ 1944లో వార్ధా సమీపములోని సేవాగ్రామానికి కళాధ్యాపకులుగా వచ్చినారు. జాకీర్ హుసేన్ సంఘము రూపొందించిన బేసిక్ విద్యా ప్రణాళికలో చేతిపనితోపాటు చిత్రలేఖనానికి, సంగీతానికి కూడ చోటున్నది. దేవీప్రసాద్ ఆ చోటును విశాలము చేసినారు. పిల్లవాని బొమ్మను పెద్దల కొలతలతో దిద్దరాదని, గీచిన బొమ్మకంటె గీచునప్పటి అనుభవమే ప్రధానమని ఆయన అభిప్రాయము.

ఇందులోని విద్యారహస్యము ఏమి? ఎద్దును ప్రతిదినము చూచే పిల్లవాడే దాని బొమ్మ గీయబూనినప్పుడు, కాలు ఎక్కడ మడతపడునో తనకు తెలియదని గ్రహించును. మరునాడు ఆ ఎద్దును ప్రశ్నతో చూచును. ఎవరూ బెదిరించకుండానే పరిశీలన అలవడును. ఆనందము అతనిని పని విడువనీయదు. విడువని పనివల్ల జ్ఞానము లోతుగా నాటుకొనును.

దేవీప్రసాద్ దృష్టి ఇంకను దూరము పోయినది. సృష్టించుటలోని సంతోషము నెరిగిన బాలుడు పెద్దవాడైన పిదప ధ్వంసానికి సులభముగా లోబడడని ఆయన నమ్మిక. ఆయన 1962లో లండను వెళ్లి యుద్ధవ్యతిరేకుల అంతర్జాతీయ సంస్థలో పనిచేయుట ఆ నమ్మికకు కొనసాగింపే.

2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ కళతో మేళవించిన బోధనను కోరుచున్నది. అయినను, పరీక్షలు దగ్గరపడగానే చిత్రలేఖనపు గంటను లెక్కలకు ధారపోసే పాఠశాలలో ఆ కోరిక కాగితము దాటదు. ఆ గంటను కాపాడుటలో తల్లిదండ్రులకును పాత్ర కలదు. పిల్లవాడు బొమ్మ తెచ్చి చూపినప్పుడు, "ఇది ఎద్దువలె లేదే" అనకుండా, "దీని సంగతేమో చెప్పు, నాయనా" అన్నచాలును. తక్కిన పాఠము అతడే మనకు చెప్పును.