ఉక్కునగరం కుర్రాడు, కోయంబత్తూరు కార్లు

మా అక్క కొడుక్కి పదహారేళ్ళు. గాజువాకలో ఇంటర్ చదువుతున్నాడు, బావగారు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగి. మొన్నీమధ్య వాట్సాప్‌లో ఒక ప్రశ్న పంపాడు: "మావయ్యా, రేస్ డ్రైవర్ అవ్వాలంటే ఏటి చెయ్యాలి?" ఆదివారం సాయంత్రాలు నేను ఫోన్ ఎత్తననీ, టీవీలో ఫార్ములా వన్ చూస్తుంటాననీ వాడికి తెలుసు. వాళ్ళమ్మని అడిగే ధైర్యం లేక నన్ను అడిగాడు.

ముందు బి.టెక్ పూర్తి చెయ్యరా అని ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏ ప్రశ్నకైనా చెప్పే జవాబు అదే. కానీ వాడు అడిగిన పని మన దేశంలో ఎవరు చేశారు, ఎలా చేశారు అని వెతుక్కుంటూ పోతే నేను అనుకోని చోట తేలాను. ఆ దారిలో తెలుగువాళ్ళు కనబడ్డారు గానీ వాళ్ళు విశాఖలోనూ లేరు, హైదరాబాద్‌లోనూ లేరు.

ముందు మాట గురించి ఒక మాట. తెలుగులో 'రేసులు' అంటే చాలాకాలం గుర్రప్పందాలే. "రేసులకెళ్ళి ఆస్తి తగలేశాడు" అనే వాక్యం మా తాతయ్య తరం నోట మామూలుగా వినబడేది. పాత సినిమాల్లో జమీందారు కొడుకు చెడిపోయాడని చెప్పడానికి పేకముక్కలు, సీసా, రేసు పుస్తకం చూపిస్తే చాలు. మన కథల్లో రిక్షా తొక్కేవాడున్నాడు, లారీ డ్రైవర్ ఉన్నాడు, బస్సు కండక్టర్ ఉన్నాడు. వేగమే వృత్తిగా బతికేవాడు మాత్రం నాకు తగల్లేదు. సినిమాల్లో కారు ఛేజింగులు కోకొల్లలు, కానీ అక్కడ బండి తోలేది హీరో, వాడి పని ఎప్పుడూ ఇంకేదో. కాబట్టి మావాడు అడిగినదానికి మన భాషలో ముందుతరం మనిషి ఎవరూ లేరు. వాడి ఒంటరితనంలో సగం ఇక్కడిదే.

మన దేశంలో మోటార్ రేసింగ్ రెండో ప్రపంచయుద్ధం వదిలేసి వెళ్ళిన రన్‌వేల మీద పెరిగింది. మద్రాసుకి ఉత్తరాన షోళవరంలో యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ ఒకటి మిగిలింది. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ కాంక్రీటు మీదే దశాబ్దాలపాటు రేసులు నడిపింది. కలకత్తా వైపు బారక్‌పూర్‌లోనూ ఇదే కథ. బ్రిటన్‌లో సిల్వర్‌స్టోన్ కూడా ఒకప్పటి బాంబర్ల స్థావరమే కనక ఇందులో వింతేమీ లేదు. యుద్ధం విశాఖనీ తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేశాయి. కానీ ఇక్కడి రన్‌వే ఖాళీగా పడి ఉండలేదు, నేవీ చేతిలో ఉంది. ఆదివారం పూట ఫియట్ బానెట్ విప్పుకుని, సైలెన్సర్ పీకేసుకుని జనం పరుగులు తీసే చోటు కాదది.

రన్‌వే ఒక్కటే చాలదు. రేసు కారుని కట్టేవాడు కావాలి, విరిగితే సోమవారంలోగా అతికేవాడు కావాలి. ఇక్కడే కోయంబత్తూరు వస్తుంది.

విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణానికి వెళ్ళి నల్లరేగడిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల సంగతి మన పాఠకులకి కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' ద్వారా కొంత తెలిసే ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కోయంబత్తూరు చుట్టుపక్కల అలాంటి కుటుంబాలు పత్తి పండించి, పత్తి వ్యాపారం చేసి, తర్వాత మిల్లులు పెట్టాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టాడు. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లులు ఇంకా పెరిగాయి. మిల్లుంటే మరమ్మతు ఉంటుంది, మరమ్మతుకి లేత్ మెషీన్లూ ఫౌండ్రీలూ కావాలి. జి.డి. నాయుడు 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య బస్సు నడపడంతో మొదలుపెట్టి, చేతికందిన ప్రతి యంత్రాన్నీ విప్పి చూశాడు. అక్కడే 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటార్ తయారైంది. 1962లో లక్ష్మీ మెషిన్ వర్క్స్ వచ్చింది. అంటే వడుకు యంత్రాలు కొనుక్కునే ఊరు వడుకు యంత్రాలు చేసే ఊరైంది. యంత్రం, డబ్బు, తీరిక మూడూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇంటి కుర్రాడు ఏం చేస్తాడు?

సుందరం కరివర్ధన్ కార్లు కట్టాడు. లక్ష్మీ మిల్స్ కుటుంబం వాడు, స్వయంగా మంచి రేసర్. నాకు అతని గెలుపులకన్నా ముఖ్యంగా కనబడేది 1980ల చివర అతను చేసిన ఒక పని. 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఎక్కడ చెడినా పార్టు దొరికే ఇంజిన్. కరివర్ధన్ దాన్ని చిన్న సింగిల్ సీటర్‌లో పెట్టాడు. అదే ఫార్ములా మారుతి. అందరికీ ఒకేరకం బండి కాబట్టి తేడా డ్రైవర్‌లోనే తేలుతుంది. అప్పటిదాకా రేసు కారంటే ఎవరో మహారాజో మద్యం వ్యాపారో విదేశాల నుంచి తెప్పించుకున్న పాత బండి. ఆ ముచ్చటని వరసగా తయారుచేసుకోగలిగే వస్తువుగా మార్చింది కరివర్ధన్. ఇంజినీర్‌గా నాకు ఇది ఫార్ములా వన్ గెలుపు కన్నా పెద్ద పనిలా అనిపిస్తుంది. ప్లాట్‌ఫామ్ కట్టినవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరు, దాని మీద నడిచిన యాప్ పేరే అందరికీ తెలుస్తుంది. మా రంగంలోనూ అంతే. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. 2003లో కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో తెరిచిన ట్రాక్‌కి అతని పేరే పెట్టారు: కరి మోటార్ స్పీడ్‌వే.

ఆ ప్లాట్‌ఫామ్ మీద నడిచిన పేరు నారాయణ్ కార్తికేయన్. 1977 జనవరి 14న పుట్టాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీ డ్రైవర్, సౌత్ ఇండియా ర్యాలీ ఏడుసార్లు గెలిచినవాడు. నారాయణ్ టీనేజ్‌లో, శ్రీపెరుంబుదూరు దగ్గర తన మొదటి రేసులోనే ఫార్ములా మారుతిలో పోడియం ఎక్కాడు. 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్‌కి వెళ్ళి పిలోత్ ఎల్ఫ్ పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చాడు. తర్వాత బ్రిటన్, 1996లో ఫార్ములా ఆసియా టైటిల్, బ్రిటిష్ ఫార్ములా త్రీ, జపాన్. 2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ టెస్ట్ చేసి, ఫార్ములా వన్ కారు నడిపిన మొదటి భారతీయుడయ్యాడు.

మావాడు జాగ్రత్తగా చదవాల్సింది ఆ తర్వాతి భాగం. 2004 సీజన్‌కి మినార్డి టీమ్ సీటు ఇస్తానంది. స్పాన్సర్‌షిప్ డబ్బు పోగవక ఆ సీటు పోయింది. మిల్లుల ఊరి కుర్రాడు, ర్యాలీ ఛాంపియన్ కొడుకు, ఆసియా టైటిల్ గెలిచినవాడు, అతనికే డబ్బు చాలలేదు. మరుసటేడు టాటాల వంటి స్పాన్సర్లు నిలబడితే జోర్డాన్ కారెక్కాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో మొదటి రేసు నాటికి వయసు 28. మొదటి ఫార్ములా మారుతి నుంచి అక్కడికి పన్నెండేళ్ళ పైమాటే.

అదే ఏడాది ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్‌కి ఆగవని 14 కార్లు ఫార్మేషన్ ల్యాప్ అవగానే పిట్స్‌లోకి వెళ్ళిపోయాయి, మిగిలినవి ఆరు. దీన్ని చూపించి వెక్కిరించేవాళ్ళున్నారు. నాకు ఆ వెక్కిరింపు నచ్చదు. ఆ ఆరింట్లో ఒకటిగా ఉండటానికి పట్టిన పన్నెండేళ్ళ లెక్క వాళ్ళు చెయ్యరు. 2011 అక్టోబర్ 30న గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగినప్పుడు కూడా గ్రిడ్ మీద ఉన్న భారతీయుడు అతనొక్కడే. ఆ గ్రాండ్ ప్రీ మూడేళ్ళే నడిచింది.

ఇప్పుడు విశాఖకి వద్దాం. ఉక్కుకి కొదవలేదు, ఇంజినీర్లకి కొదవలేదు. 1933లో జలదుర్గ ఓడ వచ్చి రేవు తెరుచుకుంది. 1948లో సింధియా యార్డులో జలఉష నీళ్ళలోకి దిగింది. 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చింది. దాని బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు కూడా పెట్టుకున్నాం. ఇక హెచ్‌పీసీఎల్, బీహెచ్‌పీవీ, డాక్‌యార్డ్. అన్నీ ప్రభుత్వానివే, అన్నీ పెద్దవే. అవి మన తల్లిదండ్రులకి జీతం, క్వార్టర్, ఆసుపత్రి, స్కూలు ఇచ్చాయి. ఉక్కునగరంలో పెరిగిన పిల్లలకి ఆ స్థిమితం విలువ తెలుసు. కానీ సాయంత్రం గేటు దాటాక లేత్ మెషీన్ ఎవరిదీ కాదు. కోయంబత్తూరులో యజమాని కొడుకు ఆదివారం షెడ్డు తాళం తీసి ఛాసిస్ వెల్డింగ్ చేసుకోగలిగాడు. కూర్మన్నపాలెం గేటు లోపల అలాంటి పని ఊహకి కూడా రాదు. గాజువాక ఆటోనగర్‌లో ఎంత పనివాళ్ళున్నా, వాళ్ళకొచ్చే పని లారీలదీ ప్లాంట్ కాంట్రాక్టులదీ. ప్రతిభ లేక రేసింగ్ రాలేదనడం అన్యాయం. పరిశ్రమ ఆకారమే వేరు.

ఆ ఆకారం అన్ని ఆటలకీ అడ్డు కాలేదని కూడా చెప్పాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది. ఆమెకి కావలసింది ఇనప రాడ్డు, బిళ్ళలు, కోచ్, తిండి. అవి దొరకడమూ సులువు కాలేదు, కానీ ఒక పల్లె భరించగల ఖర్చది. రేసింగ్‌లో టైర్లే ఒక వారాంతంలో అరిగిపోతాయి.

ఇక సలహా. ఒరే, ఇది నీకే.

ఫార్ములా వన్ అనే మాట పక్కన పెట్టు. సూపర్ లైసెన్స్‌కి మూడు సీజన్లలో 40 పాయింట్లు కావాలి. పదిహేడేళ్ళకే వెర్‌స్టాపెన్ 2015లో గ్రిడ్ ఎక్కాక అమల్లోకి వచ్చిన నియమం. ఆ పాయింట్ల వేటలో ఉన్న పిల్లలు ఏడెనిమిదేళ్ళకే కార్టింగ్ మొదలుపెట్టినవాళ్ళు. నీకు పదహారు. ఇందులో నీ తప్పేమీ లేదు, నీ తరఫున ఎవరూ మొదలుపెట్టలేదు, అంతే. కానీ వృత్తిగా కారు నడపడమంటే ఫార్ములా వన్ ఒక్కటే కాదు. టూరింగ్ కార్లున్నాయి, ర్యాలీలున్నాయి, ఎండ్యూరెన్స్ రేసులున్నాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకి టీమ్ తీసుకెళ్ళి తమ క్లాసులో మూడో స్థానం తెచ్చుకున్నాడు. సినిమా డబ్బుందిగా అంటావు. నిజమే, ఉంది. నీకు లేనిది అదే కాబట్టి, ఎవరి డబ్బుతో ఎవరు నడుపుతున్నారో ప్రతి చోటా చూడ్డం నేర్చుకో.

బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా అర్ధరాత్రి బైకులు తోలే నీ స్నేహితుల సంగతి నాకు తెలుసు. దానికీ దీనికీ చుట్టరికం లేదు. అక్కడ ఎదురొచ్చే ఆటోవాడు ఆటలో ఉన్నానని ఒప్పుకోలేదు. ట్రాక్ మీద ఒకే మలుపుని వందసార్లు ఒకేలా తిప్పాలి. వినడానికి విసుగ్గా ఉందా? అయితే ఈ పని నీకు నచ్చదు, ఇప్పుడే తెలిస్తే మంచిదే.

లైసెన్స్ ఇచ్చేది ఎఫ్ఎమ్ఎస్‌సీఐ. అనుభవం లేనివాళ్ళకి నోవిస్ కప్ లాంటివి ఉన్నాయి, తర్వాత మారుతి ఇంజిన్‌తో నడిచే ఎల్‌జీబీ ఫార్ములా ఫోర్. ఆ బండీ కోయంబత్తూరుదే. హైదరాబాద్ ఉందిగా అనకు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నగరమంతా సెల్ఫీలు దిగింది. అదే ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది, మరుసటేడు రేసు రద్దయింది. అది నెక్లెస్ రోడ్డుకి తాత్కాలికంగా వేసిన అలంకారం. నువ్వు నేర్చుకోవాల్సింది సంవత్సరమంతా తెరిచి ఉండే చోట.

ఇంకోటి, ఇది మీ అమ్మానాన్నలతో కలిసి చదువు. 2021 జనవరిలో కేంద్రం ప్లాంట్‌ని నూటికి నూరుపాళ్ళు అమ్మాలని నిర్ణయించినప్పటి నుంచి మీ ఇంట్లో డబ్బు గురించి మాటలు ఎలా ఉన్నాయో నాకంటే నీకే బాగా తెలుసు. పీఎఫ్ తీయించి ఒక సీజన్ నడపమని మీ నాన్నని అడక్కు. రేసింగ్ కుటుంబాలు ఖర్చు పెట్టేది మిగులు. మీ ఇంట్లో ఉన్నది పొదుపు. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో కోయంబత్తూరు చరిత్రంతా చెబుతోంది.

నువ్వు బి.టెక్‌లో చేరితే కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ టీమ్ ఉందా లేదా అని సీటు ఎంచుకునే ముందే అడుగు. బ్రాంచి కన్నా ముందు ఈ ప్రశ్న అడిగే పిల్లలు తక్కువ. పిల్లలు తామే డిజైన్ చేసి, తామే వెల్డింగ్ చేసుకున్న కారుని తామే నడిపే ఫార్ములా భారత్ పోటీ జరిగేది కరి ట్రాక్‌లోనే. ఆ కారు కట్టినవాళ్ళలో ఒకడికే డ్రైవర్ సీటు దొరుకుతుంది, మిగతావాళ్ళు డేటా చదవడం, సస్పెన్షన్ సరిచెయ్యడం నేర్చుకుంటారు. రేసు టీముల్లో జీతాలున్న ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఇవే. కరివర్ధన్ చేసిందీ ఈ వైపు పనే.

సెలవుల్లో ఒక్కసారి వెళ్ళి చూసిరా. బొకారో ఎక్స్‌ప్రెస్ అని మనవాళ్ళు పిలిచే ధన్‌బాద్ అలెప్పీ బండి దువ్వాడలో ఆగుతుంది. బొకారో, రూర్కెలా, విశాఖ, మూడు ఉక్కు ఊళ్ళనీ దాటుకుని పోదనూరు మీదుగా పోతుంది. అక్కణ్ణించి చెట్టిపాళయానికి ఆటోలు ఉంటాయి. టికెట్ నేను తీస్తాను, మీ అమ్మతో నువ్వే మాట్లాడు.