కప్పు మారుద్దామంటే ఇల్లే మార్చాల్సి వస్తున్నది, ఎందుకు? మన ఇండ్ల కప్పుల కథ

మిరుగం దగ్గర పడుతున్నది. విత్తనాల ముచ్చట, బోర్ల ముచ్చట చాలాసార్లు రాసిన. ఈసారి నెత్తి మీద ఉన్న కప్పు గురించి రాస్తున్న. పోస్టు జరంత పొడుగే, ఓపికతో చదవండి. చదివినంక ఒకసారి లేచి మీ ఇంటి కప్పు దిక్కు చూడండి.

2020 అక్టోబర్ 13 మీకు యాదికి ఉండే ఉంటది. మంగళవారం. హయత్‌నగర్, ఘట్‌కేసర్ దిక్కు ఒక్క దినంలోనే 30 సెంటీమీటర్ల దాకా వాన కొట్టింది. పట్నంలో కాలనీలు మునిగినయి, టీవీలన్నీ అవే చూపెట్టినయి. ఆ వానకే మన ఇబ్రహీంపట్నం దిక్కు ఒక పాత ఇంటి కప్పు కూలి ఒక తల్లి, పదిహేనేండ్ల ఆమె బిడ్డ చనిపోయిన్రు. వాళ్ల మీదికి వరద రాలేదు. ఎన్నో ఏండ్లు నీడ ఇచ్చిన కప్పే వాళ్ల మీద పడ్డది. ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు ఒక్కటే ప్రశ్న. కప్పు పాతదైందని ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఎందుకు మార్చుకోలేకపోతున్నం? పైసలు లేకనే అని ఒక్క మాటలో అనేయొచ్చు. కానీ ఆ మాట వెనక వందేండ్ల కథ ఉన్నది.

మొదలు గుడిసెల కాలం చూద్దాం. బోద గడ్డి, రెల్లు, తాటికమ్మలు, ఈతకమ్మలు. గడ్డి చెరువు శిఖంలో దొరికేది, కట్టె అడవి నుంచి వచ్చేది, నలుగురు బంధువులు కూడితే రెండు మూడు దినాల్లో కప్పు ఎక్కేది. పైసా ఖర్చు లేదంటే నమ్మొచ్చు. కానీ రెండు మూడేండ్లకు ఒకసారి మళ్ల కప్పాలె. ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ పడితే వాడకు వాడ బూడిద. కాబట్టి గుడిసె అగ్గువ అన్నది పూర్తి నిజం కాదు. ఆ ఖర్చు రూపాయల్లో కనపడకపోయేది, రెక్కల కష్టంలో, భయంలో కనపడేది.

కొంచెం చేతనైనోళ్లకు గూన ఇల్లు. చిన్నోళ్లకు తెలవదు కాబట్టి చెప్తున్న. కుమ్మరాయన సారె మీద మట్టిని గొట్టం లెక్క తీసి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా రెండు ముక్కలు చేసి, ఆరబెట్టి, వాములో కాల్చేటోడు. ఒక వరుస బోర్లా, ఒక వరుస వెల్లకిలా పరిస్తే నీళ్లు జారిపోయేవి. వడ్లాయన దూలం, వాసాలు ఎక్కించేటోడు. ఏటేటా మిరుగానికి ముందు ఒక మనిషి పైకెక్కి, జారిన గూన సదిరి, పలిగినకాడ కొత్తది పెట్టేటోడు. అట్ల చూసుకుంటే గూన ఇల్లు రెండు మూడు తరాలు నిలబడ్డది. లోపల చల్లగా కూడా ఉండేది.

మరి ఈ పనికి కూలి ఎంత? రూపాయల లెక్క తక్కువ. వడ్ల, కమ్మరి, కుమ్మరి, ఇట్ల ఊరి కులవృత్తులోళ్లకు కల్లం కాడ మేర కొలిచేటోళ్లు. ఏడాది పొడుగునా పని, పంట వచ్చినంక గింజలు. రైతుకు ఇది సుఖమే, పైసలు చేతిలో లేకున్నా కప్పు ఆగకపోయేది. కానీ ఆ రోజులు బంగారం అని మాత్రం రాయను. పంట పోతే కుమ్మరాయన మేర కూడా పోయేది. దొర గడీకి పని చేస్తే అది వెట్టి, గింజ కూడా రాకపోయేది. నిజాం కాలంలో జనం వెట్టి మీద తిరగబడ్డరంటే ఊరికే కాదు. మన తాతల గూన కప్పు అగ్గువకు పడ్డదంటే అందులో కొంత ఇంకొకరి చెమట ఉన్నది. అది మరవద్దు.

ఊరి బయటి సరుకు ఎప్పటి నుంచి వచ్చింది? 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మిషన్ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన్రు. ఒకదానికొకటి కొండి పట్టే చదును పెంకులు అవి. మన దిక్కు వాటిని బెంగుళూరు పెంకలు అన్నరు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు పడ్డది. తాండూరు ఆ లైను మీదనే ఉన్నది. అక్కడి బండలు బండ్లకెక్కి పట్నం చేరినయి. ఇంటి కింద పరిచేటందుకే కాదు, కొన్ని ఇండ్లల్ల దూలాల మీద పరిచి కప్పులాగ కూడా వాడిన్రు. ఇక్కడ గమనించండి, కప్పు కోసం మొదటిసారి రొక్కం అవసరం పడ్డది. ఫ్యాక్టరీకి మేర కొలిస్తే నడవదు కదా.

తర్వాత వచ్చింది రేకు. సిమెంటులో ఆస్బెస్టాస్ నార కలిపి పలకలు చేసే పద్ధతికి ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్షెక్ అనే ఆయన 1901లో పేటెంట్ తీసుకున్నడు. 1940లు అయిపోయేలోపే మన సనత్‌నగర్‌లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ మొదలైంది. చార్మినార్ రేకులు అంటే తెలవని ఊరు లేదు. ఫ్యాక్టరీ మన పక్కనే ఉండె, కిరాయి తక్కువ, గంటల్లో పని అయిపోయేది, అగ్గి అంటుకోదు. గూన ఇంటికి కావాల్సినన్ని వాసాలు కూడా అక్కర లేదు.

ఇంకో సంగతి మన ముసలోళ్లు చెప్తరు, పుస్తకాల్లో దొరకదు. గూన ఇండ్లను సగం కోతులు ఖతం చేసినయి. అడవులు తగ్గినంక మంద మంద ఊర్ల మీద పడి, గూన మీద దునికి పలగ్గొట్టినయి. పలిగిన గూన మార్చాలంటే కొత్తది కావాలె. అప్పటికే మేర కొలుచుడు బందైంది. కుమ్మరాయన కొడుకు పట్నంలో డ్రైవర్ పనికి పోయిండు, వాము కూలిపోయింది. నాకు సమజైన అసలు ముచ్చట ఇది: కప్పు ముసలిదై పోలేదు, కప్పును బాగు చేసేటోడు పోయిండు. బాగు చేసేటోడు లేని కప్పును మార్చుడు తప్ప ఇంకో తోవ ఉండదు. చిన్న రిపేరు పోయి పెద్ద ఖర్చు వచ్చింది అట్లనే.

ఇక స్లాబు. ఇయ్యాల పైసలుంటే సిమెంటు దొరుకుడు కష్టం కాదు. ఒకప్పుడు పైసలున్నా దొరకకపోయేది. సిమెంటు ధర సర్కారు చేతిలో ఉండె, బస్తాలకు పర్మిట్ కావాలె. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన పెద్దమనుషులు మన ఊర్లల్ల ఇంకా ఉన్నరు. ఆ పర్మిట్ల గోల ఎంత దూరం పోయిందంటే, మన పక్క మహారాష్ట్రలో సిమెంటు కేటాయింపులకు, ట్రస్టు విరాళాలకు లంకె ఉన్నదని హైకోర్టు చెప్పినంక ముఖ్యమంత్రి అంతులే 1982 జనవరిలో కుర్చీ దిగిండు. అదే ఏడు సిమెంటు మీద కంట్రోల్ సగం ఎత్తేసిన్రు, 1989లో పూర్తిగా ఎత్తేసిన్రు. ఊర్లల్ల స్లాబు ఇండ్లు పెరిగింది ఆ తర్వాతనే.

సర్కారు ఇండ్లు కూడా ఆ దారినే నడిచినయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 1985లో ఇందిరా ఆవాస్, 2006లో ఇందిరమ్మ, 2015 తర్వాత డబుల్ బెడ్‌రూం, మళ్ల 2024 మార్చిలో భద్రాచలం కాడ మొదలైన ఇందిరమ్మ ఇండ్లు. ఇప్పటి స్కీములో 5 లక్షలు, నాలుగు విడతలు. అందులో పెద్ద విడత ఏదో చూసిన్రా? స్లాబుదే. ఇంటి ఖర్చులో కప్పు భారం ఎంతో సర్కారుకు కూడా తెలుసన్నట్టు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ధరలు రోజుకొకటి కాబట్టి రూపాయలు రాయను, సరుకు లెక్క రాస్తున్న. 500 ఫీట్ల ఇల్లు, 5 అంగుళాల స్లాబు అనుకోండి. సిమెంటు 45 నుంచి 50 బస్తాలు, సలాక నాలుగైదు క్వింటాళ్లు. బీములు ఉంటే ఇంకా ఎక్కువ. ఈ కాంక్రీటు బరువు 14, 15 టన్నులు. అదే ఇంటికి సిమెంటు రేకులేస్తే రేకుల బరువు టన్ను కూడా కాదు.

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. మన పాత ఇండ్లల్ల శానా వాటివి మట్టి గోడలు. అవి గూనను మోసినయి, రేకులను మోస్తయి. 15 టన్నుల స్లాబును మొయ్యవు. మేస్త్రి ఎవరన్నా పాత గోడ మీదనే పోద్దాం, నడుస్తది అంటే వినకండి. పిల్లర్లు లేపాలె, పునాది తియ్యాలె. అందుకే కప్పు మారుద్దామని మొదలుపెట్టినోడు చివరికి ఇల్లు కట్టినంత అప్పు తెచ్చుకుంటున్నడు. మీకు పైసలు అంత లేకపోతే సిగ్గు పడే పని లేదు. వాసాలు పుచ్చినకాడ మార్చి, గోడ బాగు చేసి, తేలిక కప్పు వేసుకోండి. కూలే కప్పు కింద మెరుగైన ఇంటి కోసం ఎదురుచూసుడు కంటే అది నయం.

రేకుల గురించి ఒక హెచ్చరిక. ఆస్బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. యూరప్ దేశాల్లో 2005 నుంచి వాడకం బంద్. మన దగ్గర ఇంకా నడుస్తున్నది. నెత్తి మీద పలగకుండా ఉన్న రేకుతోటి భయం తక్కువ. దుమ్ము లేచినప్పుడే ముప్పు. కట్టర్ పెట్టి కోసినా, పాత రేకును పగలగొట్టినా ఆ సన్నని నార ఊపిరిలకు పోతది, రోగం పదుల ఏండ్ల తర్వాత బయట పడ్తది. కాబట్టి పాత రేకులు దింపేటప్పుడు నీళ్లతో తడపండి, హుక్కులు విప్పి నిండు రేకునే దింపండి, పిల్లలను దూరం పంపండి. ఆ ముక్కలను కోళ్లగూడుకు, బాట గుంతలకు వాడకండి. రేకు మీద నేరుగా అడుగు పెడితే పలిగి కింద పడ్తరు, పలక వేసుకొని పైపుల మీదనే నడవమనండి. పడేటోడు కూలాయన, కానీ ఆయన ఇంట్ల కూడా పిల్లలుంటరు.

పనోళ్లను మాట్లాడుకునేటప్పుడు కూడా పాత కథ పనికొస్తది. మేర కాలంలో పనోడు ఊరోడే. పని పాడైతే వచ్చే ఏడు కల్లం కాడ మొఖం చూపెట్టాలె. ఇయ్యాల సెంట్రింగ్ ఆయన ఒక ఊరోడు, సలాక కట్టేటోడు ఇంకో ఊరోడు, మిల్లర్ బ్యాచ్ ఎక్కడి నుంచో వస్తది, సాయంత్రం దావత్ తిని పోతది. మళ్ల కనపడరు. అందుకే నోటి మాట మీద బయానా ఇయ్యకండి. గుత్తకా, దినకూలికా, ఫీటు లెక్కనా? కొలత లోపలి నుంచా, బయటి నుంచా? సెంట్రింగ్ డబ్బాలు, మిల్లర్, డీజిల్, దావత్ ఎవరి మీద? ఒక కాగితం మీద రాసుకోండి, ఇద్దరూ సంతకం పెట్టండి. కొంత పైకం సెంట్రింగ్ విప్పినంక ఇస్తమని ముందే చెప్పండి. అట్లనే ఇయ్యాల్సింది ఆపకుండా ఇయ్యండి. వెట్టి రోజులు మళ్ల మన చేతుల మీదుగా రావద్దు.

స్లాబుకు నీళ్లు పట్టుడు మాత్రం మన పని. ఇప్పుడు అంగడిల దొరికే సిమెంటు ఎక్కువగా బూడిద కలిసినదే, అది మెల్లగా గట్టి పడ్తది. కనీసం 10 దినాలు, ఎండ ఎక్కువుంటే 14 దినాలు తడి ఆరనియ్యద్దు. పొలానికి తడి తప్పితే పంట ఎట్ల పోతదో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. స్లాబు కూడా అంతే.

చివరిగా ఒక మాట. మన బాలాపూర్‌లో ఇంకా కొన్ని గూన ఇండ్లల్ల, పాత పెంకల ఇండ్లల్ల ఒంటరి ముసలోళ్లు ఉంటున్నరు. కొడుకులు పట్నంల ఉంటే, పైకెక్కి చూసేటోడు లేడు. ఈ మిరుగానికి ముందు ఒక గంట తీసుకోండి. దూలం గోడల కూసున్నకాడ కట్టెపుల్లతో పొడిచి చూడండి, మెత్తగా దిగితే చెద పట్టినట్టే. గోడ పొట్ట ఉబ్బిందా, వాసం వంగిందా చూడండి. పెద్ద వాన పడ్డ రాత్రి ఆ ముసలమ్మను మీ ఇంట్ల పండుకోమని పిలవండి. మేర పోయింది, వాము పోయింది. ఒకరి కప్పు గురించి ఒకరు అడిగే అలవాటు మాత్రం పోకుండా చూసుకుందాం.