ఎనిమిదో వంతు ఇంజను

ధర్మవరంలో బయలుదేరిన రైలు పెనుకొండ మీదుగా హిందూపురం చేరేసరికి 200 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. 1890ల మొదట్లో మీటర్ గేజి పట్టాలు పడ్డాక చాలాకాలం ఆ బరువు లాగినవి ఆవిరి ఇంజన్లే. 1980లలో బ్రాడ్ గేజి వచ్చింది. ఆ బళ్ళు పోయాయి.

ఇప్పుడెవరైనా ముచ్చటపడి, ఇంట్లో లేతు పెట్టుకుని, అలాంటి బుల్లి ఇంజను చేద్దామనుకుంటే లెక్క సులువుగానే కనిపిస్తుంది. మీటర్ గేజి 1000 మిల్లీమీటర్లు. బుల్లి ఇంజన్ల వాళ్ళు వాడే 5 అంగుళాల పట్టా 127. దరిదాపు ఎనిమిదో వంతు. మన మీటర్ గేజి ప్యాసింజర్లు లాగిన వైపీ ఇంజను పెద్ద చక్రం 54 అంగుళాలు; మనది 6¾. అన్నిటినీ ఎనిమిదితో భాగిస్తే సరి!

సరి కాదండీ. ఇనుము భాగహారానికి లొంగుతుంది గాని నిప్పూ నీళ్ళూ లొంగవు. పొడుగు ఎనిమిదో వంతయితే బాయిలరు ఒంటి వైశాల్యం 64వ వంతు, లోపల పట్టే నీరు 512వ వంతు. అంటే వున్న నీటికి చల్లారే ఒళ్ళు ఎనిమిది రెట్లన్నమాట. చంటిపిల్లకు తొందరగా చలివేసినట్టే. బాయిలర్లోని నిప్పుగొట్టాల్నీ అదే లెక్కన సన్నం చేస్తే మసిపట్టి మూసుకుపోతాయి. కొన్నే పెట్టాలి, కాస్త లావుగా.

నిజానికి ఆవిరిబండి పుట్టిందే బొమ్మగా. 1784 ప్రాంతాన ఇంగ్లండులో, కార్న్‌వాల్‌లో, విలియం మర్డాక్ మూడుచక్రాల బుల్లిబండి చేశాడు. ఓ రాత్రి అది నిప్పులు కక్కుతూ పారిపోతే, ఎదురైన ఫాదరీగారు సైతానే వచ్చాడని కేకలు పెట్టారట. కథే కావచ్చు, బాగుంది. తరవాత ట్రెవితిక్ కూడా బొమ్మలు చేసి చూసుకునే, 1804లో వేల్సులో పట్టాల మీద పెద్ద ఇంజను నడిపాడు.

పెద్దది నిలదొక్కుకున్నాక చిన్నది ఆటవస్తువైంది. దుకాణాల్లో అమ్మే బుల్లి ఇంజన్లు చాలావరకు స్పిరిటు దీపంతో నడిచేవి. అంత చిన్న పొయ్యిలో రాక్షసిబొగ్గుతో లాభంలేదని పెద్దల వాదం. 1922లో ఎల్.బి.ఎస్.సి. అన్న పొడి అక్షరాలతో రాసే లారెన్సు ‘మోడల్ ఇంజనీర్’ పత్రికలో అడ్డం తిరిగాడు. రెండున్నర అంగుళాల పట్టా మీద ఆయన ‘అయేషా’ బొగ్గు తిని మనిషిని లాగింది. ఆ తగువుకు ‘బాయిలర్ల యుద్ధం’ అని పేరు.

బొగ్గు మండాలంటే కిటుకంతా ఊపిరిలో వుంది. వాడిన ఆవిరి సన్నటి మూతిగుండా పొగగొట్టం నడిమధ్యకు చిమ్మాలి. ఆ చిమ్మడమే నిప్పును లాగుతుంది. మూతి కాస్త వాలినా, పొగపెట్టెకు చిన్న సందున్నా నిప్పు డీలాపడుతుంది. కట్టినవాడేమో నెల్లాళ్ళు వాల్వుల మీద అనుమానపడుతూ కూచుంటాడు!

నిప్పు పెట్టకముందే, వెండిటంకం వేసిన రాగి బాయిలర్‌ను చన్నీళ్ళతో నింపి, పంపుతో రెట్టింపు ఒత్తిడి పెట్టి చూడాలి. నీళ్ళు కారితే గుడ్డతో తుడుచుకోవచ్చు; ఆవిరి తన్నితే ప్రాణం మీదికొస్తుంది. ఆ తరవాత కిరసనాయిల్లో నానిన కట్టెబొగ్గు అంటించి, పొగగొట్టం మీద చిన్న ఫ్యాను పెడతారు, ఇంకా దానికి సొంత ఊపిరి లేదు గనక. ఆవిరి పుట్టాక ఫ్యాను తీసేసి, మెల్లిగా రెగ్యులేటరు తిప్పి, చెవి వొగ్గి వినాలి. రెండు సిలిండర్ల ఇంజనుకు చక్రం ఒకసారి తిరిగితే నాలుగు ఛుక్కులు. ఒకటి కుంటితే మళ్ళీ వాల్వు సర్దాలి. ఇదొక్కటీ ఎనిమిదితో భాగించక్కర్లేదు. హిందూపురం ఎక్కిన పెద్దదానికైనా నాలుగే.